ఏడక్షరాల పేరు, ఎర్ర కార్ట్రిడ్జ్

"రెండూ ఒకటే అయితే రెండెందుకు అమ్ముతున్నారు?"

1998 క్రిస్మస్ వారం. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఒక మాల్లో, బొమ్మల షాపు కౌంటర్ ముందు నిలబడి నాన్న నన్ను అడిగిన ప్రశ్న అది. ఆయన కుడిచేతిలో పోకెమాన్ రెడ్, ఎడమచేతిలో పోకెమాన్ బ్లూ. పోకెమాన్లనే వింత జీవుల్ని పట్టి, పెంచి, పోటీకి దింపే వీడియో గేమ్‌లు. ఒక డబ్బా మీద రెక్కలున్న చారిజార్డ్, రెండోదాని మీద వీపున ఫిరంగులు మోసే తాబేలు బ్లాస్టాయిస్. ధర అదే, కథ అదే, ఊళ్ళూ అవే.

"దీంట్లో దొరికేవి కొన్ని దాంట్లో దొరకవు నాన్నా. దాంట్లోవి కొన్ని దీంట్లో ఉండవు."

"మరి అన్నీ కావాలంటే?"

"అది ఉన్నవాళ్ళతో మార్చుకోవాలి."

నాన్న కాసేపు ఆలోచించి, బ్లూని అరలో పెట్టేశారు. రెడ్, దాంతోపాటు దాన్ని ఆడడానికి చేతిలో పట్టే యంత్రం, ఊదారంగులో లోపలి భాగాలన్నీ కనపడే గేమ్‌బాయ్ కలర్ కొన్నారు. మార్చుకోవడానికి అప్పటికి నాకు అమెరికాలో స్నేహితుడు అనేవాడు ఒక్కడూ లేడు.

మేం ఆ ఆగస్టులోనే రాజమండ్రి నుంచి వెళ్ళాం. నాకు పదేళ్ళు. నాన్నది వైటూకే పని. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసి ఉంచారని, 99 తర్వాత 00 వస్తే కంప్యూటర్ దాన్ని 1900 అనుకుంటుందని, అది సరిచేయడానికి వేలమంది కావాల్సి వచ్చిందని ఆయన చెప్పేవారు. ఆ వేలమందిలో మనవాళ్ళు చాలామంది. ఓక్ ట్రీ రోడ్డు మీద శనివారం సాయంత్రం కూరగాయలకి వెళ్తే అన్నివైపులా మన భాషలే వినపడేవి. కానీ నా క్లాసులో తెలుగు పిల్లలెవరూ లేరు. నా ఇంగ్లీషు వాళ్ళకి అర్థమయ్యేది కాదు, వాళ్ళ ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది కాదు. లంచ్ టైములో డబ్బా మూత సగమే తీసి తినేవాణ్ణి. పోకెమాన్ సంగతి నాకు టీవీలో తెలిసింది. ఆ సెప్టెంబరులోనే కార్టూన్ మొదలైంది, పొద్దున్నే స్కూల్ బస్సుకి ముందు వచ్చేది. అందులో ఇంగ్లీషు తేలిక. పికాచూ ఎలాగూ తన పేరు తప్ప ఇంకేం మాట్లాడదు.

ఆ రాత్రి గేమ్ ఆన్ చేశాను. ప్రొఫెసర్ ఓక్ వచ్చి నీ పేరేంటని అడిగాడు. నా పూర్తి పేరు ఇంగ్లీషులో తొమ్మిదక్షరాలు. గేమ్ ఏడు దగ్గర ఆగిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా ఎనిమిదో అక్షరం పడదు. నాన్నకి చూపించాను. ఆయన సోఫాలోంచి లేచి వచ్చి, ఆ చిన్న స్క్రీన్‌ని దీపం వైపు తిప్పి చూసి, "చోటు పొదుపురా. మేం సంవత్సరానికి రెండంకెలు ఉంచినట్టే వీళ్ళు పేరుకి ఏడు ఉంచారు" అన్నారు. ఆయన ఆఫీసులో ఏం చేస్తారో నాకు నిజంగా అర్థమైంది ఆ రాత్రే. చివరికి ఇంట్లో పిలిచే పేరు పెట్టుకున్నాను. చిన్నా. ఇంగ్లీషులో ఆరక్షరాలు, చక్కగా పట్టింది.

గేమ్ నలుపు తెలుపుల్లో చేసిందే అయినా, కొత్త గేమ్‌బాయ్‌లో పెడితే దానంతటదే ఎర్రటి ఛాయ వచ్చేది. మూడింట్లో ఒకదాన్ని ఎంచుకోమంటే చార్మాండర్‌ని తీసుకుని దానికి నిప్పు అని పేరు పెట్టాను. గేమ్‌లో మొదటి పెద్ద పోటీ జరిగే బ్రాక్ జిమ్‌లో రాతి పోకెమాన్ల ముందు నిప్పు పనిచేయదని ఎవరూ చెప్పేవాళ్ళు లేక, ఆ ఒక్కడి దగ్గరే మూడు రోజులు ఓడిపోయాను. మౌంట్ మూన్ కొండ ముందు, పోకెమాన్లకి వైద్యం చేసే పోకెమాన్ సెంటర్లో ఒకాయన 500కి మాజికార్ప్ చేపని అంటగట్టాడు. దానికి ఎగరడం తప్ప ఏమీ రాదు. కానీ ఓపిగ్గా ఇరవయ్యో లెవెల్ దాకా పెంచితే గ్యారడోస్ అవుతుంది. అది మారిన క్షణంలో నేను అరిచిన అరుపుకి అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

ఈ గేమ్ వెనకున్న కథ నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు. టోక్యో శివార్లలో మచిదా అనే ఊళ్ళో పెరిగిన సతోషి తజిరి చిన్నప్పుడు పురుగులు పట్టే పిల్లాడు. చెరువులు, పొలాలు పోయి భవనాలు వచ్చేశాక పిల్లలకి పురుగులు పట్టే చోటే లేకుండా పోయిందని ఆయన బాధ. 1989లో గేమ్‌బాయ్ వచ్చింది. రెండింటిని కలిపే కేబుల్‌ని అందరూ పోటీ పడడానికి వాడుతుంటే, ఆయనకి మాత్రం ఆ వైరు మీదుగా ఒక పురుగు ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి పాకుతున్నట్టు కనపడింది. గేమ్ ఫ్రీక్ అనే చిన్న సంస్థ దాని మీద ఆరేళ్ళు పనిచేసింది. బొమ్మలు కెన్ సుగిమోరివి, సంగీతం జునిచి మసుదాది. మార్చుకోవాలనే కోరిక పుట్టాలంటే రెండు వేరువేరు కార్ట్రిడ్జ్‌లు (గేమ్ నింపిన ప్లాస్టిక్ డబ్బీలు) ఉండాలన్న సలహా, గేమ్‌బాయ్ తయారుచేసిన నింటెండోలోని షిగెరు మియమోటోదని చెబుతారు. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో రెడ్, గ్రీన్ వచ్చాయి. అక్కడి రెడ్‌లో హీరోకి సిద్ధంగా ఉంచిన పేర్లలో సతోషి ఒకటి, ప్రత్యర్థికి ఉంచిన పేర్లలో షిగెరు ఒకటి.

మాకు గ్రీన్ రాలేదు. జపాన్‌లో అదే ఏడాది అక్టోబరులో బ్లూ అని మూడోది, మెరుగుపరిచిన బొమ్మలతో, పిల్లల పత్రిక ద్వారా పోస్టులో అమ్మారు. 1998 సెప్టెంబరు 28న అమెరికాలో వచ్చిన జంటకి ఆ బ్లూ బొమ్మలు, ప్రోగ్రాము వాడుకుని, ఏ పోకెమాన్ ఎందులో దొరకాలనేది మాత్రం రెడ్, గ్రీన్‌ల పద్ధతిలోనే ఉంచారు. అందుకే నా ఎర్రదాంట్లో గ్రోలిత్ కుక్కపిల్ల, ఎకాన్స్ పాము, స్కైథర్ ఉండేవి. ఆరు తోకల నక్క వల్పిక్స్, శాండ్‌ష్రూ, మియావ్‌థ్ ఎంత వెతికినా దొరికేవి కావు. సెలడాన్ ఊరి పక్కన గడ్డిలో గంటలు గంటలు తిరిగాను. మొత్తం 150 కావాలంటే రెండోవాడు కావాల్సిందే. నేను దాన్ని అప్పట్లో గేమ్ చేసిన అన్యాయం అనుకున్నాను.

రెండోవాడు మా పై ఫ్లోర్‌లోనే ఉన్నాడు.

మా అపార్ట్‌మెంట్లో రెండు ఫ్లోర్లే. మధ్యలో చెక్కమెట్లు, పైన ఎప్పుడూ వెలిగే బల్బు. గేమ్‌బాయ్ స్క్రీన్‌కి సొంత వెలుతురు లేదు కాబట్టి, ఇంట్లో పెద్ద లైటు ఆర్పేశాక నేను ఆ మెట్ల మీదకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. జనవరిలో ఒక సాయంత్రం పైనుంచి ఒక కుర్రాడు దిగుతూ ఆగిపోయాడు. నా భుజం మీదుగా చూసి ఒకే మాట అడిగాడు: "రెడ్?" తలూపాను. వాడు పైకి పరిగెత్తి, ఇటుకంత బూడిదరంగు పాత గేమ్‌బాయ్ పట్టుకుని తిరిగొచ్చాడు. అందులో నీలం కార్ట్రిడ్జ్. ఆ సాయంత్రమంతా మా మధ్య నడిచిన ఇంగ్లీషు మొత్తం పోకెమాన్ పేర్లే. నాకు తడబాటు లేకుండా మాట్లాడగలిగిన మొదటి ఇంగ్లీషు అది.

వాడి దగ్గర కేబుల్ కూడా ఉంది. ఒక చివర వాడి పెట్టెకి పట్టింది. రెండో చివర నాదానికి పట్టలేదు. పాత గేమ్‌బాయ్‌కి ప్లగ్గు పెద్దది, కొత్తవాటికి చిన్నది. ఇద్దరం ఆ ప్లగ్గుని తిప్పి తిప్పి చూశాం, మెల్లగా నెట్టి చూశాం, ఊది చూశాం. వాడి బ్లూలో వల్పిక్స్ కనపడుతోంది, నా రెడ్‌లో గ్రోలిత్ ఉంది, మధ్యలో గోరంత తేడా. దానికి అడాప్టర్ ముక్క ఒకటి దొరుకుతుందని తెలిసి, నాన్న మమ్మల్నిద్దర్నీ రెండు షాపులు తిప్పేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మేం రోజూ మెట్ల మీద కలుసుకున్నాం. కేబుల్ మొదటిరోజే పట్టి ఉంటే ఓ నక్క, ఓ కుక్కపిల్ల చేతులు మారి ఎవరి దారిన వాళ్ళం పోయేవాళ్ళమేమో.

ఆ ట్రేడ్ ఎలా జరిగేదో ఆడినవాళ్ళకి తెలుసు. పోకెమాన్ సెంటర్లో కుడివైపు కౌంటర్‌లో ఉన్నామె, ముందు సేవ్ చేసుకుంటేనే లోపలికి పంపిస్తుంది. లోపల ఒక బల్ల, అటొకరు ఇటొకరు. మనం ఇవ్వాల్సింది మనం, వాళ్ళివ్వాల్సింది వాళ్ళు ఎంచుకుని ఒప్పుకుంటే, స్క్రీన్ మీద కేబుల్ బొమ్మ కనిపించి, అందులోంచి మన పోకెమాన్ ఆ చివరికి జారుకుంటూ పోతుంది. మెట్టు మీద మా ఇద్దరి మోకాళ్ళ మధ్య అసలు కేబుల్ వేలాడుతుండేది. నేను స్క్రీన్‌ని కాదు, ఆ వైరుని చూసేవాణ్ణి.

కొన్ని పోకెమాన్లు మార్చుకుంటే తప్ప ఎదగవు. కడాబ్రా, మచోక్, గ్రావెలర్, హాంటర్. ఎంత పెంచినా అక్కడే ఆగిపోతాయి. ఇంకొకరి చేతిలోకి వెళ్ళిన క్షణంలో మారతాయి. అంటే నాకు అలకజామ్ కావాలంటే నా కడాబ్రాని వాడికి ఇచ్చెయ్యాలి, మళ్ళీ వాడు తిరిగివ్వాలి. ఆ కడాబ్రాని నేను ఎంత కష్టపడి పట్టుకున్నానో. అది అబ్రాగా ఉన్నప్పుడు కనపడగానే మాయమైపోతుంది, మనకి దొరికేది ఒక్క బంతి విసిరేంత సమయం. నలభైసార్లకి దొరికింది. దాన్ని వాడికి పంపాను. బదులుగా వాడు పంపింది మూడో లెవెల్ పిడ్జీ, ఊరికే చోటు నింపడానికి. వాడి స్క్రీన్ మీద నా కడాబ్రా మెరిసి మెరిసి అలకజామ్ అయింది. ఇద్దరం గట్టిగా అరిచాం. సరిగ్గా అప్పుడే పైనుంచి వాళ్ళమ్మ భోజనానికి పిలిచింది. గొంతులో కోపం ఉంది. వాడు కేబుల్ లాగేసి పరిగెత్తాడు.

ఆ రాత్రి నేను పడ్డ టెన్షన్ తర్వాత ఏ పరీక్షకీ పడలేదు. నా చేతిలో మూడో లెవెల్ పిడ్జీ. వాడు తిరిగివ్వకపోతే అడగడానికి నాకు సరైన ఇంగ్లీషు లేదు, చెప్పుకుంటే అమ్మానాన్నలకి అర్థం కాదు. పొద్దున్న ఏడు కాకముందే తలుపు చప్పుడైంది. అమ్మ తీసింది. బయట వాడు, స్వెట్టర్ తిరగేసి వేసుకుని, ఒక చేతిలో గేమ్‌బాయ్, రెండో చేతిలో కేబుల్. "చీనా ఉన్నాడా?" అన్నాడు. నా గేమ్‌లో ఉన్న పేరే వాడికి తెలిసిన నా పేరు. స్కూల్లో రిజిస్టర్లో ఉన్న తొమ్మిదక్షరాల పేరుని టీచరే మూడు రకాలుగా పలికేది. ఆ దేశంలో ఇంటి బయట నన్ను ఇంటిపిలుపుతో పిలిచింది వాడొక్కడే.

అమ్మ వాణ్ణి లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, వేడి దోశ పెట్టింది. "తిను నాన్నా, చిక్కిపోయున్నావు" అని తెలుగులోనే అంది. వాడు ఎడమచేత్తో గేమ్‌బాయ్ పట్టుకుని కుడిచేత్తో దోశ తుంచుకుని పంచదారలో అద్దుకుని తిన్నాడు. నా అలకజామ్ నాకు వచ్చేసింది. తర్వాత దాని స్పెల్లింగ్ ఏంటని అడిగాడు. అలకజామ్‌ది అనుకున్నాను. కాదు, దోశది. వారం తిరక్కుండా వాడు తన దగ్గరున్న వల్పిక్స్‌లలో ఒకదానికి ఆ పేరు పెట్టాడు. లావెండర్ టౌన్‌లో పేర్లు మార్చే పెద్దాయన ఉంటాడు, ఆయన దగ్గరికి తీసుకెళ్ళి మరీ.

ఆ రెండున్నరేళ్ళలో మేం చేయని పని లేదు. గేమ్‌లో ఎస్ఎస్ యాన్ ఓడ పక్కనున్న లారీ కింద మ్యూ అనే అరుదైన పోకెమాన్ ఉందని స్కూలంతా పుకారు. ఓడ వెళ్ళిపోకుండా చూసుకుని, ఈదుకుంటూ వెళ్ళి, ఆ లారీని నెట్టి నెట్టి చూశాం. కదలలేదు. మ్యూ గేమ్‌లో ఉన్న మాట మాత్రం నిజమే. అంతా అయిపోయాక, పరీక్షల కోసం పెట్టిన భాగాలు తీసేస్తే మిగిలిన కాస్త చోటులో షిగెకి మోరిమోటో అనే ప్రోగ్రామర్ దాన్ని గుట్టుగా చేర్చాడట. మామూలుగా ఆడితే దొరికే దారి మాత్రం పెట్టలేదు.

సినబార్ దీవి తీరం సంగతి ఇంకోటి. విరిడియన్‌లో ముసలాయన పోకెమాన్ పట్టడం ఎలాగో చూపిస్తాడు. అది చూసి, నేరుగా దీవికి ఎగిరి, తూర్పు తీరం అంచున పైకీ కిందకీ ఈదితే మిస్సింగ్‌నో అనే విరిగిన బొమ్మ ఒకటి వస్తుంది. సంచిలో ఆరోచోట ఉన్న వస్తువు ఒక్కసారిగా 128 పెరుగుతుంది. మేం ఆరోచోట, తినిపిస్తే పోకెమాన్‌కి ఒక లెవెల్ పెంచే రేర్ క్యాండీ పెట్టాం. నాన్నకి చూపిస్తే ఆయన భోజనం పక్కన పెట్టి మళ్ళీ చెయ్యమన్నారు. "ఎక్కడో ఒకదాని చోటులో ఇంకొకటి రాసి, చెరపడం మర్చిపోయారు" అన్నారు. చాలా ఏళ్ళకి చదివాను, అది అక్షరాలా నిజం. ముసలాయన చూపిస్తున్నంతసేపూ తెర మీద ఆయన పేరు రావాలి. అందుకని మన పేరుని తీసి, గడ్డిలో ఏ పోకెమాన్లు రావాలో రాసుకునే చోట దాచిపెడుతుంది గేమ్. ఆ తీరంలో దాన్ని చెరపకుండానే వాడేస్తుంది. కాబట్టి అక్కడ ఏం ఎదురవుతుందనేది మన పేరులో ఉన్న అక్షరాల మీద ఆధారపడి ఉంటుంది. చిన్నా అనే పేరుకి వచ్చినవి వాడి పేరుకి రాలేదు. మేం అప్పుడు అదృష్టం అనుకున్నాం.

2001 వేసవికి నాన్న ప్రాజెక్ట్ అయిపోయింది. ఆ ఏడాది ఉద్యోగాల పరిస్థితి బాగాలేదు. హైదరాబాద్ వెళ్ళిపోదామని ఇంట్లో నిర్ణయమైంది. అప్పటికి గోల్డ్, సిల్వర్ అనే కొత్త పోకెమాన్ గేమ్‌లు వచ్చేసి మా ఎరుపు, నీలం పాతబడ్డాయి. అయినా ఆఖరి రాత్రి వాడు పాత కేబుల్‌తో కిందకి దిగాడు. నేను నిప్పుని ఎంచుకున్నాను. నా మొదటిది, అప్పటికి చారిజార్డ్. వాడు దోశని ఎంచుకున్నాడు. నిప్పురాయితో దాన్ని తొమ్మిది తోకల నైన్‌టేల్స్ చేసేశాడు కూడా. ఇద్దరం ఒకేసారి A బటన్ నొక్కాం. మార్చుకున్నదాని పేరు మనం మార్చలేం, లావెండర్ పెద్దాయన ఒప్పుకోడు. దాన్ని మొదట పట్టుకున్నవాడి పేరు, నంబరు కూడా ఎప్పటికీ దానితోనే ఉంటాయి. మాకు ఇద్దరికీ అది తెలుసు. వాడు కేబుల్ చుట్టి నా చేతిలో పెట్టాడు. రెండు ఉత్తరాలు రాసుకున్నాం. ఆ తర్వాత వాళ్ళూ ఇల్లు మారారు.

2019లో ఎక్కడో చదివాను. ఆ కార్ట్రిడ్జ్‌ల లోపల బిళ్ళలాంటి బ్యాటరీ ఉంటుందని, మన ఆట అంతా దాని మీదే బతుకుతుందని, ఇరవై ఏళ్ళకి అవి ఒక్కొక్కటే పోతున్నాయని. ఆ రాత్రే అటక మీంచి పెట్టె దింపాను. గేమ్‌బాయ్‌లో రెండు సెల్స్ వేసి ఆన్ చేశాను. కంటిన్యూ ఉంది. చిన్నా, జిమ్‌లు గెలిచిన బ్యాడ్జీలు 8, పట్టినవాటి చిట్టా పోకెడెక్స్ 134. కార్ట్రిడ్జ్‌ని చదివే చిన్న పరికరం ఒకటి తెప్పించి, లాప్‌టాప్‌కి పెట్టి సేవ్ కాపీ తీశాను. మా రెండున్నరేళ్ళు, 32 కిలోబైట్లు.

బ్యాటరీ మార్చడానికి అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్‌కి వెళ్ళాను. ఫోన్లు బాగుచేసే కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మామూలు స్క్రూడ్రైవర్‌కి ఆ స్క్రూ లొంగదు. బాల్‌పెన్ గొట్టం చివర లైటర్‌తో కరిగించి, మెత్తగా ఉండగానే స్క్రూ తల మీద నొక్కి, ఆరాక తిప్పాడు. వచ్చేసింది.

"ఏముంది సార్ దీంట్ల?"

"చిన్నప్పుడు ఒక ఫ్రెండ్ ఇచ్చింది ఉంది."

"బ్యాటరీ తీస్తే మొత్తం పోతది. కాపీ తీసుకున్నరా?"

తీసుకున్నానన్నాను. అయినా అతను సోల్డరింగ్ ఇనుము పెట్టేముందు మళ్ళీ ఒకసారి నా మొహం చూసి, నేను తలూపాకే పెట్టాడు.

ఇంటికొచ్చి కాపీని తిరిగి ఎక్కించి, ఆన్ చేసి, పోకెమాన్ సెంటర్లో కంప్యూటర్ తెరిచి చివరి బాక్సు దాకా వెళ్ళాను. దోశ. లెవెల్ 42. వివరాలు నొక్కితే తొమ్మిది తోకలు విప్పుకుని నిలబడింది. కింద, పట్టుకున్నవాడి పేరు చోట, వాడి నాలుగక్షరాల పేరు. దాని అరుపు ఆ చిన్న స్పీకర్లోంచి గట్టిగానే వచ్చింది.

వంటింట్లోంచి అమ్మ, "ఏమిట్రా ఆ చప్పుడు?" అంది.

"దోశమ్మా."

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, "పైంటి పిల్లాడిదా?" అంది.